పత్రికకు పాఠకులను సమకూర్చుకొనే విధానం

ప్రతి సంవత్సరం మన కళాశాల వార్షిక సంచిక అచ్చవుతున్నది. ఒకవైపు అట్ట తెరిస్తే తెలుగు విభాగం. పుస్తకాన్ని త్రిప్పి రెండవవైపు అట్ట తెరిస్తే ఉర్దూ విభాగం. రెండు భాషలూ నడుమ ఛాయాచిత్రాల పుటల వద్ద కలిసికొంటాయి. రచనలు సేకరించడం, అచ్చుతప్పులు దిద్దడం, దుకాణాల చుట్టూ తిరిగి ప్రకటనలు రాబట్టడం మొదలైన శ్రమ అంతా సంచిక వెలువడిన నాటితో ముగిసినట్లే అందరమూ భావిస్తాము. కాని సంచికను ఎంతమంది చదివారు, ఏ రచనను చదివారు, దేనిని మధ్యలో విడిచిపెట్టారు అనే విచారణ ఏ సమావేశంలోనూ జరగదు. మిగిలిన ప్రతులు కట్టలుగా గదిలో చేరుతాయి.

ఇందులో ధన విషయం కూడా ఉన్నది. సంచిక రుసుము ప్రతి విద్యార్థి నుండి వసూలవుతుంది. ఆ రుసుము చెల్లించేవారిలో దర్జీల పిల్లలున్నారు, ఆటో నడిపేవారి పిల్లలున్నారు, పండ్ల బండి తోసేవారి పిల్లలున్నారు. వారి సొమ్ముతో అచ్చయిన పుస్తకం వారి ఇంట ఒక్కరి చేతనైనా చదివించుకోలేకపోతే ఆ ఖర్చుకు సమాధానం చెప్పడం కష్టం. కనుక పాఠకులను పెంచుకొనే మార్గాలేమిటో, పూర్వపు పత్రికలు ఆ పనిని ఎట్లా సాధించినవో కొంత పరిశీలించి, అందులో మనకు అనువైనవి ఏవో చెప్పదలచినాము.

మొదట ఒక భేదాన్ని గుర్తించాలి. ప్రతిని అందుకొన్నవాడు వేరు, పాఠకుడు వేరు. రుసుముతోపాటు ప్రతి ఇచ్చివేయడం చేత మనకు ప్రతులు అందుకొనేవారు వందలకొలది ఉన్నారు. పాఠకులు ఎందరో తెలియదు. ఈ భేదం ఎంత కఠినమైనదో 1898లో లాహోరు నగరంలో ప్రారంభమైన ‘తహ్జీబె నిస్వాన్’ అనే ఉర్దూ స్త్రీల వారపత్రిక చరిత్ర చెబుతుంది. సయ్యద్ ముంతాజ్ అలీ, ఆయన భార్య ముహమ్మదీ బేగం కలిసి దానిని స్థాపించారు, సంపాదకత్వం బేగంగారిది. ప్రారంభంలో చందాదారులు లేరు. అందుచేత ప్రభుత్వోద్యోగుల జాబితాలో పేర్లు ఏరుకొని, అడగకుండానే పత్రికను వారి ఇండ్లకు పంపించారు. చాలా ప్రతులు తిరిగి వచ్చాయి. కొన్నిటి మీద తిట్లు వ్రాసి మరీ పంపారు! మూడు నెలలు గడిచేసరికి నిలిచిన చందాదారులు అరవై డెబ్బైమంది. మూడు నాలుగేండ్లకు గాని ఆ సంఖ్య మూడు నాలుగు వందలకు పెరగలేదు.

ఈ అంకెలను విద్యార్థి సంపాదకులు జాగ్రత్తగా చూడాలని మా కోరిక. ముహమ్మదీ బేగం 1908లో మరణించిన తరువాత కూడా ఆ పత్రిక దశాబ్దాల పాటు నడిచింది. దానికి కారణం జాబితా చూచి పంపిన వందలాది ప్రతులు కావు; నిలిచిన ఆ అరవైమంది. పరదా వెనుక ఉన్న స్త్రీలు మొదట చదివారు, తరువాత ఉత్తరాలు వ్రాశారు, అటు తరువాత వ్యాసాలు వ్రాశారు. ఒక ఇంట చదివిన పత్రిక మరొక ఇంటి ఆడవారికి చేరింది. పాఠకుల సంఖ్యను పెంచాలనుకొనేవారు మొట్టమొదట చేయవలసిన పని, ఇప్పటికే నిజంగా చదువుతున్న కొద్దిమంది ఎవరో కనుక్కోవడం. మన కళాశాలలో వారు ముప్పైమందే ఉండవచ్చు. ఆ ముప్పైమందిని పేరుపేరునా తెలిసికొనడం మూడువందల ప్రతులు అదనంగా అచ్చు వేయించడం కంటె లాభదాయకం.

మౌలానా అబుల్ కలాం ఆజాద్ 1912లో కలకత్తా నుండి వెలువరించిన ‘అల్ హిలాల్’ మరొక విధమైన ఉదాహరణ. నెమ్మదిగా పెరగడం దాని జాతకంలో లేదు. రెండేండ్లలో వారానికి ఇరవై ఆరువేల ప్రతులకు చేరిందని ఆజాద్ తమ ఆత్మకథాత్మక గ్రంథంలో పేర్కొన్నారు. ఆనాటి ఉర్దూ పత్రికా రంగంలో అది వినని సంఖ్య. ఉర్దూ పత్రికలు కాతిబుల చేత వ్రాయించి రాతి అచ్చు వేసికొంటున్న కాలంలో ఆయన లోహపు అక్షరాల అచ్చును, చిత్రాలను ప్రవేశపెట్టారు. విషయమా, దేశ స్వాతంత్ర్యం. అయితే మన ప్రయోజనానికి సంబంధించినది ఆయనే చెప్పిన మరొక చిన్న సంగతి. పత్రిక ప్రారంభమైన మూడు నెలల్లోనే పాత సంచికలన్నిటినీ తిరిగి అచ్చు వేయవలసి వచ్చిందట. ఎందుకంటే క్రొత్తగా చేరిన ప్రతి చందాదారుడూ మొదటి సంచిక నుండి పూర్తి వరుస కావాలని అడిగాడు.

క్రొత్త పాఠకుడు వెనుకకు కూడా చదువుతాడన్న మాట. ఈ సంచికలో ఒక రచన నచ్చినవాడు, ఆ రచయిత పోయిన ఏడు ఏమి వ్రాశాడో చూడాలనుకొంటాడు. చూడాలనుకొంటే మన గ్రంథాలయంలో పాత సంచికలు ఒకచోట ఉన్నవా? వరుసగా బైండు చేయించి, తెలుగు రచనలకొకటి, ఉర్దూ రచనలకొకటి చొప్పున విషయసూచికలు వ్రాయించి, చేతికందే అరలో పెట్టించడానికి పెద్ద వ్యయం కాదు. ఒక సెలవుల కాలంలో నలుగురు విద్యార్థులు చేయగల పని. పాత రచనకు క్రొత్త పాఠకుణ్ణి సంపాదించడమంత చవుక మార్గం మరొకటి లేదు.

ఇక తెలుగు పత్రికల సంగతి. 1871లో కొక్కొండ వెంకటరత్నం పంతులుగారు ‘ఆంధ్ర భాషా సంజీవని’ని ప్రారంభించారు. ఆయన పాండిత్యం నిర్వివాదం. భాష ప్రౌఢ గ్రాంథికం. 1874లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు ‘వివేకవర్ధని’ని ప్రారంభించారు. ఈయనకూ పాండిత్యం కొరత లేదు గాని, సామాన్యునికి అర్థం కావాలని ఉద్దేశపూర్వకంగా వాక్యాన్ని సులభం చేసికొంటూ వచ్చారు. అంతేకాక రాజమహేంద్రవరంలో జరుగుతున్న లంచగొండితనాన్ని, పెండ్లిండ్లలోని దురాచారాలను ప్రహసనాలుగా వ్రాసి ప్రచురించారు. తమ ఊరి వ్యవహారాలు, తాము ఎరిగిన మనుష్యుల నడవడి అచ్చులో కనిపిస్తే జనం చదవకుండా ఉండరు. కోపగించేవారు కూడా చదివే కోపగిస్తారు గదా.

మా సంచికలకు వచ్చే రచనలను చూస్తే ఈ పాఠం ఇంకా మనకు అందలేదనిపిస్తుంది. ‘విద్య యొక్క ప్రాముఖ్యము’, ‘కాలము విలువ’, ‘క్రమశిక్షణ’ అనే శీర్షికలు ఏటా వస్తాయి. వ్రాసినవాని పేరు తీసివేస్తే ఏ కళాశాల సంచికలోనైనా ఇమిడిపోతాయి. అదే ఒక దూదేకులవారి ఇంటి విద్యార్థి తన తాతగారి దూది ఏకే విల్లును గురించి, పరుపుల పని తగ్గిన తరువాత ఆ ఇంటివారు ఏ వృత్తిలోకి మారారన్న దానిని గురించి రెండు పుటలు వ్రాస్తే ఆ వీధి అంతా చదువుతుంది. మన ఇండ్లలో ఒక ముఖం మీద ఉర్దూ, రెండవ ముఖం మీద తెలుగు అచ్చయిన పెండ్లి పత్రికలు పాత పెట్టెల్లో ఎన్నో ఉంటాయి. ఏ తరంలో ఏ భాష ముందుకు వచ్చింది, చిరునామాలు ఎట్లా మారినవి, వాటిని చూచి ఒక విద్యార్థి వ్యాసం వ్రాయవచ్చు. ఇటువంటి విషయానికి గ్రంథాలయం కూడా అవసరం లేదు, అమ్మమ్మ చాలు.

పాఠకుణ్ణి రచయితగా స్వీకరించడంలో తెలుగునాట సురవరం ప్రతాపరెడ్డిగారిని మించిన ఉదాహరణ మాకు కనబడదు. 1926లో హైదరాబాదు నుండి వారానికి రెండుసార్లు వెలువడేటట్లు ఆయన ‘గోలకొండ పత్రిక’ను నెలకొల్పారు. రాజ్యంలో అధికార భాష ఉర్దూ. తెలుగు చదివేవారు చెదరిమదరిగా గ్రామాల్లో ఉన్నారు. ధనబలం అంతంత మాత్రం. అటువంటి స్థితిలో, తెలంగాణములో కవులే లేరన్న అర్థం వచ్చే మాట ఒకటి ప్రచారంలోకి వచ్చింది. ఆ మాటకు ఖండన వ్యాసం వ్రాసి ఊరుకొనవచ్చును. ప్రతాపరెడ్డిగారు అట్లా ఊరుకోలేదు. ఊరూరి కవుల నుండి పద్యాలను, వివరాలను సేకరించారు. 354 మంది కవుల రచనలతో ‘గోలకొండ కవుల సంచిక’ 1934లో వెలువడింది.

సాహిత్య చరిత్రలో ఈ సంచికను ఆత్మగౌరవానికి నిదర్శనంగా పేర్కొంటారు, అది సరియే. కాని పత్రిక నడిపేవారి కన్నుతో చూస్తే అందులో మరొక రహస్యం ఉన్నది. 354 మంది కవులంటే 354 గ్రామాలు కాకపోయినా, కొన్ని వందల ఇండ్లు. ఆ ప్రతి ఇంటా సంచిక భద్రంగా ఉంటుంది. కవి చదువుతాడు, కవి పేరు చూడడానికి బంధువులు చదువుతారు, ప్రక్క ఊరి కవి తనకంటె బాగుగా వ్రాశాడా అని చూడడానికి మరికొందరు చదువుతారు. చివరి వర్గం సంఖ్య తక్కువేమీ కాదు! పేరు అచ్చులో చూచుకోవాలనే కోరికను చిన్నచూపు చూడవలసిన పని లేదు. ఆ కోరికకు తగిన ప్రమాణం ఏర్పరచడమే సంపాదకుని పని.

మన సంచికలో ఏటా రచయితలు పాతికమందికి మించరు. వారిలో సగం మంది అధ్యాపకులే. పది పంక్తులకు మించని రచనలకు నాలుగు పుటలు కేటాయించి, ఒక్కొక్క తరగతి నుండి నలుగురైదుగురికి చోటు ఇవ్వవచ్చు. తాతగారి వద్ద విన్న ఒక సామెత, తమ వాడలోని ఒక పాత బావి కథ, ఒక వంటకం, తెలుగులో కలిసిపోయిన ఒక ఉర్దూ మాట ఎక్కడిదన్న చర్చ, ఏదైనా కావచ్చు. ప్రతి నెలా గోడపత్రిక నడిపితే వీటిని ఏరుకొనడం సులభమవుతుంది. గోడపత్రిక ముందు విద్యార్థులు ఎక్కడ ఆగుతున్నారో, ఏ కాగితం దగ్గర నవ్వుతున్నారో నిలబడి చూచిన సంపాదకునికి వేరే పరీక్ష అక్కరలేదు.

కాలనియమం మరొక ముఖ్యాంశం. 1908లో బొంబాయిలో ‘ఆంధ్రపత్రిక’ వారపత్రికను ప్రారంభించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఉగాది సంచికలను ఒక సంప్రదాయంగా నిలబెట్టారు. పండుగ వస్తే సంచిక వస్తుందని పాఠకుడు ఎదురుచూడడం అలవాటు చేసికొన్నాడు. 1974లో విశాఖపట్టణంలో ‘ఈనాడు’ ప్రారంభమైనప్పుడు, పత్రికను ఆ ఊళ్ళోనే అచ్చు వేసి తెల్లవారేసరికి గుమ్మంలో వేయడమే దాని బలమైంది. అంతకుముందు ఇతర నగరాల పత్రికలు అక్కడికి ప్రొద్దెక్కిన తరువాత చేరేవి. 1947 నుండి 2013 వరకు వెలువడిన ‘చందమామ’లో బేతాళుని కథ ఉంటుందని, ఫోటో వ్యాఖ్యల పోటీ ఉంటుందని పిల్లలకు ముందే తెలుసు. ఎప్పుడు వస్తుందో, అందులో ఏముంటుందో కొంత తెలిసి ఉండడం ఆకర్షణను తగ్గించదు, పెంచుతుంది.

మన వార్షిక సంచిక ఎప్పుడు వెలువడుతుంది? హాల్ టికెట్లు ఇచ్చే వారంలో. విద్యార్థి ఒక చేత హాల్ టికెట్టు, మరొక చేత సంచిక పుచ్చుకొని ఇంటికి పోతాడు. ఆ రెంటిలో దేనిని చూస్తాడో చెప్పనక్కరలేదు. పరీక్షలు ముగిసేసరికి అతడు పై తరగతికో పై ఊరికో వెళ్ళిపోతాడు. ఇది రచనల లోపం కానే కాదు, కేవలం తేదీ లోపం.

నాగేశ్వరరావు పంతులుగారి పేరు వచ్చినది కనుక ప్రకటనల మాట కూడా చెప్పుకోవాలి. 1893లో అమృతాంజనం వ్యాపారం ప్రారంభించిన ఆయనకు, చదివే పత్రికలో ప్రకటన వేయడం ఎంత లాభమో స్వయంగా తెలుసు. మనకు ప్రకటనలిచ్చే వస్త్ర దుకాణదారులు, పుస్తక విక్రేతలు పుణ్యకార్యమని ఇస్తున్నారు. మన ముఖం చూచి ఇచ్చిన ప్రకటన వచ్చే ఏడు రాకపోవచ్చు. పట్టణంలో పదిమంది ఆ సంచికను చదువుతున్నారని తెలిస్తే వ్యాపారమని ఇస్తారు. అందుకు సంచిక కళాశాల గోడలు దాటాలి. శాఖా గ్రంథాలయానికి రెండు ప్రతులు, ప్రకటన ఇచ్చిన ప్రతి దుకాణానికి ఒకటి, వైద్యుల వద్ద రోగులు కూర్చునే గదికి ఒకటి, క్షౌరశాలకు ఒకటి పంపాలి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం ఏర్పడిన తరువాత తెలంగాణములో ఒక్క ప్రతిని పదిమంది చదివే అలవాటు పెరిగింది. గదిలో కట్టలుగా ఉన్న ప్రతులకు ఇదే సద్గతి.

మిగిలినది మనకే ప్రత్యేకమైన చిక్కు. దాని వద్దనే మేము ఎక్కువ సేపు ఆగదలచినాము. మన సంచిక రెండు భాషలది. తెలుగు విభాగం చదివేవారు రెండవ అట్ట త్రిప్పరు. ఉర్దూ విభాగం చదివేవారు మొదటి అట్ట త్రిప్పరు. ఒకే తరగతి గదిలో ప్రక్క ప్రక్కన కూర్చునే ఇద్దరు విద్యార్థులు ఒకరి రచన ఒకరు చదవకుండానే డిగ్రీ పుచ్చుకొని పోతున్నారు. ఇంటి సంగతి ఇంకా విచిత్రం. ఇంట ఉర్దూ మాటలాడి, బడిలో తెలుగు నేర్చిన విద్యార్థికి ఉర్దూ లిపి రాదు. వాని తల్లికి తెలుగు లిపి రాదు. కొడుకు పేరు అచ్చులో పడిందని పొరుగువారికి చూపి సంతోషిస్తుంది గాని, వాడు ఏమి వ్రాశాడో ఆమెకు తెలియదు. మన సంచికకు రావలసిన మొదటి పాఠకురాలు ఆమె. ఆమెను వదలివేసి మనము పాఠకుల కొరత అంటున్నాము.

దీనికి రెండు మూడు ఉపాయాలున్నవి. ప్రతి ముఖ్య రచనకు రెండవ భాషలో అరపుట సారాంశం ఇవ్వాలి. తెలుగు వ్యాసం సారాంశాన్ని ఉర్దూ విద్యార్థి చేత, ఉర్దూ గజల్ భావాన్ని తెలుగు విద్యార్థి చేత వ్రాయించాలి. ఆ పనికోసం ఇద్దరూ ఒక బల్ల వద్ద కూర్చోక తప్పదు. రెండవది, చదివి వినిపించడం. సంచిక వెలువడిన వారంలో ప్రతి రచయితా తన రచనను ఇంట కనీసం ఒకరికి, వారి భాషలో చెప్పి వినిపించాలని నియమం పెట్టవచ్చు. ఇప్పుడు ప్రతి చేతిలోనూ ఫోను ఉన్నది. రచయిత కంఠంలోనే పది నిమిషాల పఠనం రికార్డు చేసి బంధువులకు పంపవచ్చు. వినేవారిని పాఠకులుగా లెక్కించడానికి మాకు అభ్యంతరం లేదు. రామాయణ భారతాలైనా, దాస్తానులైనా ఈ దేశంలో చదివినవారికంటె విన్నవారే ఎక్కువ.

మూడవది కష్టమైనది, కాని స్థిరమైనది. లిపి నేర్పడం. హైదరాబాదులో 1949లో స్థాపితమైన ‘సియాసత్’ ఉర్దూ దినపత్రిక సంస్థాపకులైన ఆబిద్ అలీ ఖాన్ పేరిట ఉన్న విద్యా ట్రస్టు, ఉర్దూదానీ మొదలైన పరీక్షలు పెట్టి వేలాది మందికి ఉర్దూ చదవడం, వ్రాయడం నేర్పించింది. చదవగలవారు తగ్గిపోతున్నారని వాపోవడానికి బదులు, చదవగలవారిని తయారుచేయడమన్న మాట. మన కళాశాలలో సాయంకాలం వారానికి రెండు గంటలు ఉర్దూ విద్యార్థులు తెలుగు విద్యార్థులకు, వీరు వారికి అక్షరాలు నేర్పుకొంటే, ఒక విద్యా సంవత్సరంలో రెండవ అట్ట త్రిప్పగలవారు కొందరైనా బయలుదేరుతారు. దీనికి కమిటీవారు ఒక గది, రెండు దీపాలు మంజూరు చేస్తే చాలును.

కొన్ని ఉపాయాలు మాకు సమ్మతం కావు. లక్కీ డ్రా పెట్టి ప్రతులు పంచడం, సినిమా తారల చిత్రాలతో అట్ట వేయడం చేత చేతులు చాచేవారు పెరుగుతారు, చదివేవారు పెరగరు. అట్లే సందేశాల విషయం. మొదటి పన్నెండు పుటలు ప్రముఖుల శుభాకాంక్షలతో నిండి ఉంటే, పదమూడవ పుట వరకు వెళ్ళే ఓపిక ఎంతమందికి ఉంటుంది? సందేశాలు పంపిన పెద్దలపై మాకు పూర్ణమైన గౌరవం ఉన్నది. వాటిని సంచిక నడుమ, ఛాయాచిత్రాల పుటల వద్ద ప్రచురిస్తే రెండు భాషల పాఠకులకూ సమదూరంలో ఉంటాయి. మొదటి పుటలో ఆ సంవత్సరం వచ్చిన అత్యుత్తమ విద్యార్థి రచన ఉండాలి. ఏది అత్యుత్తమమో నిర్ణయించడంలో అధ్యాపకులతోపాటు క్రిందటి సంచికను నిజంగా చదివిన విద్యార్థులకు కూడా చోటు ఇవ్వాలి. వారెవరో తెలియడానికి, సంచిక చివర ఒక చీటీ అచ్చువేసి, నచ్చినదీ నచ్చనిదీ వ్రాసి ఇమ్మని కోరాలి. వచ్చిన అభిప్రాయాలలో విమర్శలతో సహా రెండు పుటలు తరువాతి సంచికలో వేయాలి. తన మాటకు జవాబు వచ్చిందా అని చూడడానికి మనిషి తప్పక వస్తాడు.

తేదీ విషయంలో మా ప్రతిపాదన ఇది. నవంబరు 11 మౌలానా ఆజాద్ జయంతి. 2008 నుండి ఆ దినాన్ని జాతీయ విద్యా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. ఆనాటికి సంచిక చేతికి రావాలంటే రచనలు ఆగస్టు నెలాఖరుకు అందాలి, సారాంశాలు సెప్టెంబరు మధ్యకు పూర్తి కావాలి, ప్రూఫులు అక్టోబరు మొదటి వారంలో చూడాలి. పరీక్షలకు ఇంకా నెలలు మిగిలి ఉంటాయి. అభిప్రాయ చీటీలు జనవరిలోగా వస్తాయి. ఈ సంవత్సరపు విద్యార్థులు పట్టణం విడిచి వెళ్ళకముందే, తాము వ్రాసినదానిని ఎవరు చదివారో వారికి తెలుస్తుంది.